గోడవైపు తిప్పిన తోలుపీట

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు సిల్వినో రీసో తన కర్రలు రెండూ చొక్కా జేబులో పెట్టుకునేవాడు, సగం బయటికి కనిపించేలా. నలభై ఒక్క ఏళ్ళ అలవాటది. ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం వాటిని రుమాల్లో చుట్టి, ప్యాంటు జేబు అడుక్కంటా తోసి, పైన చెయ్యి ఆనించుకుని మరీ వాకిట్లోకి వచ్చాడు.

గడప పక్కన కూర్చుని పళ్ళెంలో నల్ల చిక్కుడు గింజలు ఏరుతున్న సొరాయిదా తలెత్తి చూసింది. నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ చెయ్యి అక్కడెందుకుందో అడక్కుండానే తెలుసు ఆమెకు.

“ఎవడైనా కొట్టేస్తాడనా?”

“కొట్టేసేవాడు వీధిలోనే ఉండాలని ఏముందే?”

“ఆ మాటకి అర్థమేమిటో?”

“రాత్రికి తెలుస్తుంది. ఇవాళ మూడో శుక్రవారం.”

ఆమె ఇంకేదో అంది. అతను జవాబు చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. ఈమధ్య అంతే, సగం మాటలకు ఊఁ కొట్టడు. ముసలాడికి అలకలు ఎక్కువైపోయాయనుకుని సొరాయిదా గింజల్లోంచి ఒక రాయి ఏరి, కాస్త అతని వైపే గురిచూసి వీధిలోకి విసిరింది.

తివోలీ పేటలో ఎటు వెళ్ళాలన్నా మెట్లే. డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చినా ఆ మెట్ల మీద సిల్వినో కాలు తడబడదు. కాఫీ తోటల కొండల్లోంచి పద్నాలుగేళ్ళప్పుడు సాంటియాగోకి దిగివచ్చాడు. వడ్రంగం నేర్చుకున్నాడు. బస్సులు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏడేళ్ళు సీట్ల చెక్కలు చిత్రిక పట్టాడు. ఆ బస్సులు ఇప్పుడు లేవు, షెడ్డులో వేరేవాళ్ళున్నారు, అతన్ని అక్కడ ఎవరూ గుర్తుపట్టరు. వారమంతా అతను పెన్షను ముసలాయన. శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకు మాత్రం పాటా ఆటా సాగే తోలుపీటల ఇంట్లో క్లావే వాయించే సిల్వినో. అక్కడి తన పీట ఒక్కటి పోతే తన దగ్గర మిగిలేది పేరు ఒక్కటేనని అతనికి బాగా తెలుసు. తెలుసు గనకే జేబు మీద చెయ్యి.

క్లావే అంటే ఆ రెండు కర్రలే, అతను సొంతంగా చేసుకున్నవి. చెరకు బండి ఇరుసులో పాతకాలపు మేకు ఒకటి, గుయకాన్ చెట్టు చేవ కొయ్యది, దొరికితే రెండు ముక్కలుగా కోసి నున్నగా చెక్కాడు. ఒకటి ఆడది, ఒకటి మగది. ఆడదాన్ని ఎడమ అరచేతి గూట్లో పడుకోబెడతారు, మగదానితో కొడతారు. కొట్టేది అయిదంటే అయిదే దెబ్బలు, తాళంలో ఒక సగానికి మూడు, ఇంకో సగానికి రెండు. తెల్లారేదాకా అవే. చూసేవాళ్ళకు ఇంత తేలిక పని ఇంకొకటి లేదనిపిస్తుంది. కానీ పాట మాటలూ, తీగలూ, డోళ్ళూ, ఆడేవాళ్ళ కాళ్ళూ అన్నీ ఆ అయిదు దెబ్బల మీదే నిలబడతాయి. మూడు పడాల్సిన చోట రెండు పడ్డాయా, పాటంతా చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు అయిపోతుంది. గుండీలు పెట్టుకోవచ్చు, కానీ వీధిలోకి రాలేం. దాన్ని అక్కడివాళ్ళు ‘అడ్డం పడటం’ అంటారు.

తోలుపీటల ఇంట్లో అడ్డం పడినవాడికి ఒక శిక్ష ఉంది. పాట ఆపేస్తారు. పడినవాడు లేచి, మేకతోలు బిగించిన తన పీటను జనం వైపు నుంచి వెనక్కి, గోడవైపు తిప్పుకుని, ఒక పాటంతా అలాగే వాయించాలి. ఇల్లంతా పగలబడి నవ్వుతుంది. ఆ గోడ నిండా చచ్చిపోయిన పాటగాళ్ళ ఫొటోలు. వాళ్ళ ముఖాలు చూస్తూ వాయించాలన్నమాట. ఊరి బయటినుంచి వచ్చినవాళ్ళు అక్కడి ఆటను సాల్సా అంటారు, ఊళ్ళో పెద్దవాళ్ళు సోన్ అంటారు. ఏ పేరు పెట్టినా ఈ శిక్ష మాత్రం మూడు తరాలుగా మారలేదు.

సిల్వినో ఎంతమంది పీటలు తిప్పించాడో లెక్కలేదు. బొంగో డోళ్ళు వాయించే యోయెల్విస్‌ను చేరిన మొదటి వారంలోనే రెండుసార్లు తిప్పించాడు. అప్పుడు ఇరవై నాలుగేళ్ళవాడు, కొత్తగా పెళ్ళైనవాడు, పెళ్ళాం ఎదురుగా కూర్చుని ఉంది. వాడి చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు వాడు మర్చిపోయి ఉండడని సిల్వినో నమ్మకం.

అనుమానం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఈస్టరు దాటాక కావచ్చు. అతను లోపలికి అడుగుపెడితే మాటలు ఆగడం లేదు గానీ సన్నబడుతున్నాయి. బృందానికి పెద్ద అరిస్తిదెస్, త్రెస్ వాయిస్తాడు. చిన్న గిటారులాంటిది, మూడు జంటల తీగలు. అతని పీట సిల్వినోకి ఎడమపక్కనే. అరిస్తిదెస్ పెదాలు కదులుతాయి, అవతలివైపు నిలువెత్తు బేస్ వాయిద్యం పట్టుకుని నిలబడే లావాటి నికనోర్ తలాడిస్తాడు, మధ్యలో ఉన్న సిల్వినో చెవికి మాత్రం ఏమీ రాదు. పక్కన మనిషుండగా గుసగుసలాడటం ఏం మర్యాద?

యోయెల్విస్ అయితే పాట ఎత్తుకోగానే అవసరం లేని చోట టక్‌టక్ అని జంట దెబ్బ వేస్తున్నాడు. ఒకసారి మందలించాడు కూడా.

“ఏంట్రా ఆ పనికిమాలిన దెబ్బ? పాటకి ఎక్కిళ్ళా?”

“అలా వచ్చేసింది పెద్దయ్యా,” అన్నాడు వాడు, తలొంచుకుని.

అరిస్తిదెస్ కూడా పాట ఎత్తుకునే పద్ధతి మార్చేశాడు. మొదట్లో రెండు మెత్తని మీటులు వేసి అప్పుడు అందుకునేవాడు, వాటిని పట్టుకునే క్లావే దిగాలి. ఇప్పుడా రెండూ ఎగ్గొట్టేస్తున్నాడు. ఒంటి చేత్తో ఇల్లు కట్టినట్టు వాయించే మనిషి ఇలా బద్ధకిస్తాడా? కావాలనే చేస్తున్నాడని సిల్వినో మనసుకు తట్టింది. తను తప్పు దిగాలని.

అవన్నీ ఒక ఎత్తు. పోయిన మంగళవారం చూసింది ఒక ఎత్తు. కాఫీ పొడి అడగడానికి అరిస్తిదెస్ ఇంటికి వెళ్ళాడు. కిటికీ చెక్కల సందులోంచి నికనోర్ వీపు కనిపించింది. యోయెల్విస్ మోచేయి కనిపించింది. శుక్రవారం బృందం మంగళవారం ఇక్కడెందుకుంది? అంతలో లోపల్నుంచి టక్, టక్, టక్... టక్, టక్. క్లావే. తన జేబులో తన కర్రలున్నాయి. మరి లోపల వాయిస్తున్నదెవరు?

తలుపు తట్టలేదు. కాఫీ లేకుండానే ఇంటికొచ్చేశాడు.

ఇక స్తంభం పక్క బల్ల సంగతి. తోలుపీటల ఇంట్లో ఒకరి పీట ఇంకొకరికి ఇవ్వదలిస్తే, కొత్త మనిషిని వరసగా మూడు శుక్రవారాలు స్తంభం పక్క బల్ల దగ్గర కూర్చోబెడతారు. వాడు ఆడడు, పాడడు, ఊరికే వింటాడు. నాలుగో శుక్రవారానికి పాత పీట ఖాళీ అవుతుంది. ఇది ఎక్కడా రాసిలేదు, ఎవరూ పైకి చెప్పరు. సిల్వినోకి మాత్రం ఎలా తెలియకుండా ఉంటుంది? నలభై ఒక్క ఏళ్ళ కిందట ఆ బల్ల దగ్గర కూర్చున్నది తనే. పీట మీదున్నది ముసలి ఎవారిస్తో. మూడో శుక్రవారం రాత్రి ఆయన మూడుసార్లు అడ్డం పడ్డాడు. మూడుసార్లూ పాట ఆపారు, మూడుసార్లూ పీట తిప్పారు, ఇల్లంతా నవ్వింది. స్తంభం పక్కనుంచి సిల్వినో కూడా నవ్వాడు. మర్నాడు ఎవారిస్తో తన పీట తలమీద పెట్టుకుని వీధి వెంట ఇంటికి నడిచాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, ఫొటోగా తప్ప.

ఇప్పుడు రెండు శుక్రవారాలుగా ఆ బల్ల దగ్గర గడ్డిటోపీ పెట్టుకున్న మనిషొకడు కూర్చుంటున్నాడు. ఆడడు, పాడడు. చొక్కా జేబులో సన్నగా, పొడుగ్గా, రెండు.

ఇవాళ మూడో శుక్రవారం.

*

సిల్వినో లోపలికి వెళ్ళేసరికి బల్లలు సగం నిండాయి. గోడ ఫ్యాన్లు వేడిగాలినే ఇటూ అటూ తిప్పుతున్నాయి. బారు దగ్గర గ్లాసుల్లో రమ్ము పోసే చప్పుడు. ఆ ఇంట్లో మైకు పెట్టరు, కరెంటు పోయినా పాట ఆగకూడదని పాతవాళ్ళు పెట్టిన నియమం.

స్తంభం పక్క బల్ల వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. గడ్డిటోపీ ఉంది. జేబులో రెండూ ఉన్నాయి.

“కళ్ళతోనే కాల్చేసేట్టున్నావే ఆ మనిషిని!” అంటూ ఎదురొచ్చింది ఎనేయిదా. రమ్ము ఫ్యాక్టరీలో సీసాలు కడిగి రిటైరైంది. అరవై ఆరేళ్ళు, ఎర్ర గౌను, చేతిలో విసనకర్ర. సిల్వినో పీట ఎక్కిన నాటినుంచీ ఆమె ఆ నేలమీద ఆడుతూనే ఉంది.

“నేనెవర్నీ చూడలేదు.”

“చూడకపోతే మంచిదే. మీ పాటనైనా చూసుకోండి. ఈమధ్య మీ పాటలో గుంటలు పడుతున్నాయి సిల్వినో. కాలెత్తి దించేలోపు నేల బెత్తెడు పక్కకు జరుగుతోంది. పోయిన వారం మడమ బెణికింది తెలుసా?”

“నాకెందుకు చెబుతావు? డోళ్ళు వాయించే కుర్రాడికి చెప్పు. వాడి ఎక్కిళ్ళే అవి.”

ఎనేయిదా అతని ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఏదో చెప్పబోయి, విసనకర్ర మూసి వెళ్ళిపోయింది. చూశావా, దీన్ని కూడా కలుపుకున్నారు అనుకున్నాడు సిల్వినో.

పీటల దగ్గర ముగ్గురూ ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి.

“ఏమిటి సంగతి?” అన్నాడు.

“ఏముంది కొంపాయ్, ఎండల గురించి,” అన్నాడు అరిస్తిదెస్, నేస్తాన్ని పిలిచే ఆ ఊరి పిలుపుతో.

“ఎండల గురించి గుసగుసలా?”

“ఎవడు గుసగుసలాడాడు? బాగానే మాట్లాడుతున్నాంగా!” నికనోర్ పొట్ట ఊగేలా నవ్వాడు. “చెవిలో దూరి అరవమంటావా ఏంటి?”

యోయెల్విస్ నవ్వలేదు. డోలు తోలు మీద అరచేత్తో లేని దుమ్ము తుడిచాడు. తేలు కుట్టిన దొంగ అనుకున్నాడు సిల్వినో.

మొదటి విడత పాటలు మామూలుగా సాగాయి. ఎక్కిళ్ళు మూడు పడ్డాయి. సిల్వినో పళ్ళు బిగించి లెక్కపెట్టుకున్నాడు. అతని బుర్రలో పొద్దున గడ్డం గీసుకుంటున్నప్పటి నుంచీ ఒకటే ఆలోచన. వీళ్ళకు కావలసింది తన తప్పు. గడ్డిటోపీ చూస్తుండగా తను అడ్డం పడితే, అందరూ నవ్వితే, ఇక అడగాల్సిన పనుండదు. సరే, ఆ తప్పేదో తనే ఇస్తాడు. చంటిపిల్లలు కూడా తప్పని పాట చూసి, కావాలనే, పచ్చిగా అడ్డం పడతాడు. పాట ఆగుతుంది. ఎవడి ముఖంలో ముందు సంతోషం మెరుస్తుందో వాడే దొంగ. అప్పుడు లేచి నిలబడి ఇల్లంతా వినేలా చెబుతాడు: ‘కావాలని పడ్డాను నాయనలారా! మీ దొంగను పట్టుకోవడానికి పడ్డాను!’ ఆ మాటను అద్దం ముందు నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాడు. మూడోసారి గడ్డం తెగింది కూడా.

రెండో విడతకు జనం కిక్కిరిశారు. అరిస్తిదెస్ ఊరందరికీ వచ్చిన మామిడిపళ్ళ పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం సజావుగా నడిచింది. జంటలు లేచాయి. ఎనేయిదా ఎవరో కుర్రాణ్ణి పట్టుకుని మధ్యలోకి లాగింది. రెండో చరణం మొదలయ్యే ముందు ఒక చిన్న నిలుపుంది, దాని మీద మూడు పడాలి.

సిల్వినో రెండే కొట్టాడు.

పాట ఆగలేదు.

యోయెల్విస్ చేతులు టక్‌టక్‌మన్నాయి. నికనోర్ ఒక మీటు మింగేశాడు. అరిస్తిదెస్ తీగలు సగం అడుగు దూకి అవతలి గట్టున వాలాయి. ముగ్గురిలో ఒక్కరూ తల ఎత్తలేదు. కరెంటు లేని రాత్రి తివోలీ మనిషి మెట్లు దిగినట్టు, ఎక్కడ ఏ మెట్టు విరిగిందో కాళ్ళకే తెలిసినట్టు, అంత నున్నగా ఆ పాట అతని తప్పు మీదికి ఎక్కి కూర్చుంది. ఇప్పుడు అదే ఒప్పు.

పొరపాటేమో అనుకున్నాడు సిల్వినో. మూడో చరణానికి మళ్ళీ తిప్పాడు. టక్‌టక్. అందరూ తిరిగారు. నాలుగో చరణానికి ఇంకోసారి. టక్‌టక్. అందరూ.

ఆడేవాళ్ళకు ఏమీ తెలియలేదు, ఎనేయిదాకు తప్ప. ఆమె నేల మధ్యలో ఆగిపోయి, నడుమ్మీద చెయ్యి వేసుకుని పీటల వైపు చూస్తోంది.

టక్‌టక్. ఆ ఎక్కిళ్ళు. ఇవాళ మొదటి విడతలో మూడు. పోయిన శుక్రవారం నాలుగు. అంతకు ముందు శుక్రవారం? సిల్వినో వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఈస్టరు దాకా వెళ్ళింది లెక్క. ఎక్కడ జంట దెబ్బ పడిందో అక్కడల్లా తను అడ్డం పడ్డాడు. పడ్డ ప్రతిసారీ వీళ్ళు వచ్చి తన పక్కన నిలబడ్డారు. మంగళవారం ఆ ఇంట్లో సాధన చేసింది దీన్నే.

మగకర్ర చేతిలో ఆగిపోయింది. క్లావే లేని పాట రెండు అడుగులు కుంటి నిలబడిపోయింది. ఇంట్లో ఫ్యాన్ల చప్పుడు మిగిలింది.

“ఎన్నాళ్ళుగా?” అన్నాడు సిల్వినో.

“ఏమిటి కొంపాయ్?”

“నన్ను మోస్తున్నది.”

అరిస్తిదెస్ త్రెస్ మీద చెయ్యి పెట్టి తీగల్ని నొక్కాడు. నికనోర్ బేస్ వెనక్కి నక్కబోయాడు, పొట్ట పట్టలేదు. జవాబు చెప్పింది యోయెల్విస్. “ఫిబ్రవరి నుంచి, పెద్దయ్యా.”

తన లెక్కకంటే రెండు నెలలు ఎక్కువ.

“ఎక్కిళ్ళని తిట్టినప్పుడు నోరెందుకు మెదపలేదురా?”

“చెబితే మీరు పీట తిప్పుకుంటారు. తిప్పుకున్నాక పీట తలమీద పెట్టుకుని ఇంటికెళ్ళిపోతారు. మీ సంగతి తెలియదా?”

“మంగళవారం క్లావే వాయించింది ఎవరు?”

“మా ఆవిడ. చెంచాలతో. తప్పుగా వాయించమని మేమే కూర్చోబెట్టాం. మీలా తప్పడం ఎవరికీ చేతకాలేదు, తను ఒక్కతే బాగా తప్పుతుంది.”

ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. సిల్వినో నవ్వలేదు. దొంగలయ్యుంటే బాగుండేది. దొంగల ముందు చెప్పడానికి మాట సిద్ధంగా ఉంది. దీనికి లేదు.

“ఎవడు చెయ్యమన్నాడు ఈ జాలి?” అన్నాడు.

అరిస్తిదెస్ ఇటు తిరిగి, గట్టిగానే చెప్పాడు. “జాలి కాదు. ఎవారిస్తో ముసలాయన పడిన రాత్రి నువ్వు స్తంభం పక్కనున్నావు. నేను ఇక్కడున్నాను, పంతొమ్మిదేళ్ళవాణ్ణి. మూడోసారి ఆయన పీట తిప్పింది నేనే. ఆయన లేవలేకపోతే భుజం పట్టుకుని మరీ తిప్పాను. ఇంకోసారి ఆ పని నా చేత్తో చెయ్యదలుచుకోలేదు. అంతే.”

సిల్వినో కర్రలు రెండూ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచాడు. బారు దగ్గరివాళ్ళు అతను వెళ్ళిపోతున్నాడనుకుని దారి ఇచ్చారు. అతను వెళ్ళలేదు. వంగి, తన పీటను రెండు చేతులా ఎత్తి, గోడవైపు తిప్పి, దాని మీద కూర్చున్నాడు.

“ఇంటికో పద్ధతుంది,” అన్నాడు గోడతో. “ఫిబ్రవరి నుంచి ఎన్ని పాటలో, అన్నీ తిప్పుకునే వాయిస్తాను. మీరు నవ్వరేం? నలభై ఏళ్ళుగా నవ్వుతున్నారుగా! ఒరే యోయెల్విస్, నీ వంతొచ్చింది, నవ్వరా!”

వాడు నవ్వలేకపోయాడు. ఎనేయిదా నవ్వింది, విసనకర్రతో తొడమీద చరుచుకుంటూ, ముక్కులోంచి ఏనుగు ఘీంకరించినట్టు. ఆ నవ్వుకు ఆగగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఇల్లంతా అందుకుంది.

నవ్వులు సద్దుమణిగేదాకా సిల్వినో ఎదురుగా ఉన్న ఫొటో చూశాడు. ఎవారిస్తో. ఇన్నేళ్ళూ ఆ ముఖానికి వీపు పెట్టే కూర్చున్నాడు. ముసలాయన ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని ఇవాళే తెలిసింది.

వెనకనుంచి అరిస్తిదెస్ పాట ఎత్తుకున్నాడు. ముందు రెండు మెత్తని మీటులు.

సిల్వినో ఉలిక్కిపడ్డాడు. “ఆగు!”

“మళ్ళీ ఏమైంది?”

“ఆ రెండూ ఎగ్గొట్టేశావనుకున్నానే. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టావు?”

“ఏ రెండూ?”

“ముందు వేసే రెండు మీటులు.”

“ఎగ్గొట్టడమేమిటి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేస్తూనే ఉన్నాను,” అన్నాడు అరిస్తిదెస్, చిన్నబుచ్చుకుని.

“ఇంకోసారి వెయ్యి.”

వేశాడు. సిల్వినో పీట కదపకుండా మెడ మాత్రం జనం వైపు తిప్పాడు. “మళ్ళీ.” వేళ్ళు కదిలాయి, మీటులు రాలేదు. మెడ గోడవైపు తిప్పాడు. “మళ్ళీ.” వచ్చాయి, కొండవాగులో నీళ్ళంత తేటగా. జనం వైపు. రాలేదు. గోడవైపు. వచ్చాయి. కొమ్మ మీద పిట్టలా అటూ ఇటూ తల తిప్పుతున్న ముసలాయన్ని చూసి కొందరు రమ్ము ఎక్కువైందనుకున్నారు.

సిల్వినో మగకర్ర ఒడిలో పెట్టి ఎడమ చెవి తడిమి చూసుకున్నాడు. ఎన్నాళ్ళుగా అరిస్తిదెస్ ఆ చెవి పక్కన కూర్చుంటున్నాడు! గోడకు తిరిగితే అదే మనిషి కుడిపక్కకు వచ్చాడు. గుసగుసలు, సన్నబడిన మాటలు, గడప దగ్గర సొరాయిదా అని ఉండి తను వినకుండా వదిలేసినవి. అన్నీ ఒకే తలుపు వెనక ఉన్నాయి. ఆ తలుపు ఎప్పుడు మూసుకుందో కూడా తనకు తెలియదు.

“ఏమిటంటావు కొంపాయ్?” అన్నాడు అరిస్తిదెస్. ఈసారి ప్రతి అక్షరం వినబడింది.

“ఏమీ లేదు. ఎత్తుకో.”

రెండు మీటులు పడ్డాయి. మూడోదాని మీద గుయకాన్ కొయ్య పలికింది, టక్, టక్, టక్... టక్, టక్, మేకు దిగినట్టు. పక్కన యోయెల్విస్ చేతులు అలవాటుగా జంట దెబ్బకు లేచాయి. అవసరం రాలేదు. గాలిలో ఒక క్షణం అలా ఆగి, దించేశాడు. పాటంతా ఒక్క ఎక్కిలి పడలేదు. ఎనేయిదా కళ్ళు మూసుకుని ఆడింది. నేల ఎక్కడికీ జరగలేదు.

పాట అయ్యాక నికనోర్ చెమట తుడుచుకుంటూ, “ఒక్క పాటే కదా శిక్ష, ఇక తిరుగు,” అన్నాడు.

“తిరగను. ఇక్కడే బాగుంది,” అన్నాడు సిల్వినో.

విరామంలో ఎనేయిదా రమ్ము గ్లాసు తెచ్చి, అతని కుడిపక్కకు వచ్చి నిలబడింది. ఆడేవాళ్ళకు చెప్పనక్కర్లేదు ఏ పక్కకు రావాలో.

“ఆ గడ్డిటోపీ ఎవరు?” అన్నాడు సిల్వినో, ఉండబట్టలేక.

“దామాసో. మా వీధి మంగలి. నాతో ఆడాలని మూడు వారాలుగా వస్తున్నాడు, ధైర్యం చాలక స్తంభాన్ని కరుచుకుని కూర్చుంటున్నాడు పాపం.”

“జేబులో ఆ రెండూ?”

“చుట్టలు. ఒకటి తనకి, ఒకటి మా తమ్ముడికి. వాణ్ణి మంచి చేసుకుందామని.” ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. “నువ్వేమనుకున్నావేంటి?”

“ఏమీ అనుకోలేదు,” అన్నాడు సిల్వినో, గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుని.

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి సొరాయిదా మెలకువగానే ఉంది. సిల్వినో ఎప్పుడూ పడుకునే వైపు వదిలేసి, మంచం చుట్టూ తిరిగి అవతలివైపు నుంచి ఎక్కాడు.

“ఇదేమిటి కొత్తగా?”

“పొద్దున వెళ్ళేటప్పుడు... కాదు, సాయంత్రం. నువ్వేదో అన్నావు. ఏమిటది?”

“ఇప్పుడా అడగడం? రుమాలు ఉతకనిది, వేరేది తీసుకెళ్ళమన్నా.”

“అదేనా?”

“మరింకేమనుకున్నావు? వినపడితే ఊఁ అనొచ్చుగా!”

“ఊఁ,” అన్నాడు సిల్వినో.

ఇప్పుడు తోలుపీటల ఇంట్లో శుక్రవారం రాత్రి క్లావే వాయించే ముసలాయన జనానికి వీపు పెట్టి కూర్చుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో పూర్వాచారం అనుకుని ఫొటోలు తీసుకుంటారు. ఎవరూ కాదని చెప్పరు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని సొరాయిదా పోరుతోంది, సోమవారం వెళతానంటాడు, చాలా సోమవారాలు గడిచాయి. అడ్డం పడినవాణ్ణి గోడకు తిప్పే శిక్ష మాత్రం మానేశారు. అటు కూర్చోవడం శిక్ష అని ఎవరికీ అనిపించడం లేదు మరి.

ఒకటే ఇబ్బంది. అటు తిరిగి కూర్చుంటే స్తంభం పక్క బల్ల కనిపించదు. రెండు పాటల మధ్య సిల్వినో మెడ కాస్త వంచి అడుగుతాడు.

“ఒరే, ఎవడైనా కూర్చున్నాడా అక్కడ?”

“ఎవరూ లేరు పెద్దయ్యా.”

“నిజం చెప్పు.”

“ఒకాయన ఉన్నాడు. నిద్రపోతున్నాడు.”

“టోపీ ఉందా?”

“లేదు పెద్దయ్యా. జేబు కూడా లేదు.”

“సరే, కానీయ్,” అంటాడు సిల్వినో. రెండు మెత్తని మీటుల కోసం కుడి చెవి అటు ఒగ్గుతాడు.